వాగు అవతలి నలుగురు

మా మార్వెన్ ఊరికి యాభై ఏళ్లు నిండిన 1933 వేసవిలో థోరా లిండ్‌వాల్‌కు డెబ్బై రెండేళ్లు. డకోటా మైదానంలో తొలి గుడిసెలు వేసుకున్న పదకొండు కుటుంబాల పెద్దల్లో అప్పటికి బతికి ఉన్నది ఆమె ఒక్కతే. ఊళ్లో సగం మందికి మంత్రసాని ఆమే. నా ఇద్దరు పిల్లల్నీ ఆమె చేతులే అందుకున్నాయి. అందరం ఆమెను అత్తా అనే పిలిచేవాళ్లం.

నేను వడ్రంగిని. ఊరు కట్టినవాళ్ల పేర్లతో ఓక్ పలక ఒకటి చెక్కమని ఉత్సవ సంఘం నాకు పని అప్పజెప్పింది. అందులో మొదటి పేరు ఆమె భర్త నీల్స్‌ది. ఆయన పోయి అప్పటికి పన్నెండేళ్లు. పని సగంలో ఉండగా అత్త మా షెడ్డుకు వచ్చి పలక చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఎమిల్, అడుగున చోటుందా?"

"ఎంత కావాలత్తా?"

"నాలుగు పేర్లకి. చిన్నక్షరాలైనా పర్లేదు. సీనె స్ట్రాండ్, ఆండర్స్ స్ట్రాండ్. పిల్లలు కార్‌స్టెన్, లీవ్."

"ఎవరు వీళ్లు? నేనెప్పుడూ వినలేదే."

"వినవు. సీనె నా చెల్లెలు."

ఆమెకో చెల్లెలు ఉండేదని నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో బతుకుతున్న నాకే తెలియదు. పీట మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని అంతా చెప్పింది.

మొదటి చలికాలంలో చెల్లెలి కొడుక్కి కంఠసర్పి సోకింది. గొంతులో పొర కమ్మి, ఊపిరాడక పిల్లలు పోయే జబ్బు అది. డాక్టరు నూరు మైళ్ల దూరంలో ఉన్నాడు. ఊరి మగవాళ్లు కూడబలుక్కుని ఆ నలుగురినీ వాగు అవతల, గట్టులో తొలిచిన మట్టి గదిలోకి పంపేశారు. రెండు రోజులకోసారి రొట్టె, కట్టెలు తీసుకెళ్లి గడ్డకట్టిన వాగు మధ్యలో పెట్టి రావాలన్నారు. వాళ్లు ఇటు దాటితే కాల్చాలన్నారు. తుపాకీ పట్టుకుని కాపలా నిలబడింది నీల్స్.

అంతలో మంచు తుఫాను పట్టుకుంది. నాలుగు రోజులు ఎవరూ అటు వెళ్లలేదు. అయిదో రోజు పొద్దున ఆండర్స్ చేతులు పైకెత్తి, "కట్టెలు, కట్టెలు" అని అరుస్తూ వాగు మీదికి వచ్చాడు. నీల్స్ అతని కాళ్ల ముందు మంచులోకి కాల్చాడు. ఆండర్స్ కాసేపు నిలబడి వెనక్కి తిరిగాడు. మర్నాటి నుంచి ఆ గదిలోంచి పొగ రాలేదు.

"నువ్వెళ్లలేదా అత్తా?"

"నా చంకలో ఆర్నెల్ల పిల్ల. వాకిట్లో నిలబడి పొగ వస్తుందేమోనని చూశాను. చూస్తూ ఉన్నానంతే."

మంచు కరిగాక మగవాళ్లు వెళ్లి, ఆ గది కప్పునే వాళ్ల మీదికి కూల్చి పూడ్చేశారు. ఇప్పుడక్కడ రైలెక్కించే పశువుల దొడ్లు ఉన్నాయి.

ఆ సాయంత్రమే మేయర్ వెండెల్ క్రాచ్‌ని కలిసి అడిగాను.

"పండగ పూట శవాలు తవ్వుతావేంటయ్యా?" అన్నాడు. "ముసలామెకి మతి చలించింది. నీ చేతికిచ్చిన పేర్ల కాగితం చూసి చెక్కు, చాలు."

కాగితం చూసే చెక్కాను. అడుగున నాలుగు పేర్లు పట్టేంత చోటు మిగిలింది. అందులో గోధుమ కంకులు చెక్కి నింపాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని ఆపలేదు.

ఉత్సవం రోజున అత్తను పూలు కట్టిన బండిలో ఊరేగించారు. పలక మీద గుడ్డ తీయమని వెండెల్ ఆమె చేతికి తాడు అందించాడు. గుడ్డ జారింది. ఆమె కళ్లు ముందుగా పలక అడుగు భాగానికే వెళ్లాయి. ఒకసారి నా వైపు చూసి జనం వైపు తిరిగింది.

"మేం పదకొండు కాదు, పన్నెండు కుటుంబాలం వచ్చాం," అని మొదలుపెట్టింది.

తుపాకీ మాట వచ్చేసరికి వెండెల్ బ్యాండు వాళ్లకు సైగ చేశాడు. బాకాలు మోగుతున్నా ఆమె చెప్పడం ఆపలేదు. ముందు వరసల వాళ్లకు తప్ప ఎవరికీ వినపడలేదు. "ఎండదెబ్బ తగిలినట్టుంది పాపం," అంటూ ఆడవాళ్లు ఆమెను కిందికి దించారు. ఆ తర్వాత ఆపిల్ పైలు తినే పోటీ, గుర్రప్పందేలు యథాప్రకారం జరిగాయి. ఆ నెలలో నొప్పులొచ్చిన ఇద్దరు ఆడవాళ్లు పక్క ఊరి మంత్రసానికి కబురు పెట్టుకున్నారు.

ముందు వరసలో ఉన్న పత్రికవాడొకడు విన్నది పది వాక్యాల్లో, పలక చెక్కిన నా పేరుతో సహా రాశాడు. మూడు వారాలకు రైలు దిగి ఒక ముసలాయన మా షెడ్డుకు దారి అడుగుతూ వచ్చాడు. పేరు గున్నార్ స్ట్రాండ్, ఆండర్స్ తమ్ముడు. నేనే అత్త ఇంటికి తీసుకెళ్లాను.

ఆయన కూర్చోలేదు. కాఫీ పోస్తే ముట్టుకోలేదు. జేబులోంచి మడతలు చిరిగిన ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాడు. మీ అన్న కుటుంబం ఇక్కడ నచ్చక ఒరెగాన్ వెళ్లిపోయింది, చిరునామా తెలియదు అని అందులో ఉంది.

"మా అమ్మ ఇరవై రెండేళ్లు ఒరెగాన్‌లో ప్రతి చర్చికీ ఉత్తరాలు రాసింది," అన్నాడు. "ఎవరు రాశారిది?"

"చేతిరాత నీల్స్‌ది. మాటలు నావి."

"మీవా? సొంత చెల్లెలండీ ఆమె!"

"నా మొగుణ్ణి ఉరి తీస్తారని భయపడ్డాను, గున్నార్. తర్వాత ఆ భయం పోయింది. అయినా నోరు రాలేదు."

గున్నార్ ఉత్తరాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "చోటు చూపించండి," అన్నాడాయన చివరికి.

ముగ్గురం నడిచి వెళ్లాం. దొడ్డి నిండా ఎడ్లు, పేడ, ఈగలు. అత్త కంచె సందులోంచి ఒక మూల చూపించింది.

"ఆఖరికి పొయ్యిలో నిప్పైనా ఉందా వాళ్లకి?"

"లేదు. మంచం చెక్కలు, తలుపు చెక్కలు కూడా కాల్చేసుకున్నారు. పిల్లలిద్దర్నీ మధ్యలో పెట్టుకుని పడుకున్నారు. మంచు కరిగాక మగవాళ్ల వెంట వెళ్లి, పూడ్చేముందు నేను చూశాను."

ఆయన టోపీ తీశాడు. "మీరిక వెళ్లండి," అన్నాడు ఆమె వైపు తిరగకుండానే. అత్త ఒక్కతే ఇంటి దారి పట్టింది. తోడు వస్తానంటే వద్దంది.

నవంబరులో ఆమె పోయింది. తనను నీల్స్ పక్కన పెట్టొద్దని నాతో చెప్పింది. ఆ మాట సంఘానికి చేరవేశాను. ఊరు కట్టినవాళ్ల వరస విడగొట్టడం కుదరదన్నారు. శవపేటిక చేసింది నేనే, నీల్స్ పక్కన గోతిలోకి తాళ్లతో దించిన నలుగురిలో నేనూ ఒకణ్ణి. గున్నార్‌కు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.