బావకి పడిన అయిదు నిమిషాలు

మా బావ లిఫ్టు మెకానిక్. ఇంట్లో మిక్సీ బాగుచేయమంటే అక్కకి మూడు నెలలు వాయిదాలు చెప్పే ఈ మనిషి, వీధి చివరి బడిలో అయిదుగురు ఆడపిల్లలకి రోబో తయారీ నేర్పడానికి మాత్రం రోజూ సాయంత్రం పరుగెత్తేవాడు. జీతం లేదు. టీ కూడా ఇంటి నుంచే.

మొదటిరోజే ఒక రూలు పెట్టాడు. ఒకరి పని మీద ఇంకొకరు అడగకుండా చెయ్యి వేస్తే, గోడవైపు తిరిగి స్టూలు మీద అయిదు నిమిషాలు కూర్చోవాలి. పెద్దా చిన్నా తేడా లేదు. ఎనిమిది నెలల్లో అందరికంటే ఎక్కువసార్లు కూర్చున్నది ఆయనే. వదులు స్క్రూ కనిపిస్తే ఆ చెయ్యి ఊరుకోదు మరి. చివరికి మా అక్క ఆ స్టూలుకి ఒక దిండు కుట్టి పంపింది.

పోటీకి సామాను మోయడానికి నన్ను లాక్కెళ్లారు. రోబో బంతిని ఎత్తి బుట్టలో వేయాలి. ఒక్కటే అవకాశం. "అది ఎత్తుతుంటే ఒక్కసారి చూస్తే చాలురా" అని వారం రోజులుగా కంచం ముందు కూడా బావది అదే పాట. తీరా పిలుపుకి మూడు నిమిషాల ముందు, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి రోబో మోచేతి స్క్రూ బిగించేశాడు.

కెప్టెన్ పిల్ల చూసింది. పదమూడేళ్లుంటాయేమో.

"అడిగారా సార్?"

"లేదండీ" అన్నాడు బావ. పిల్లల్ని కూడా 'అండీ' అనే పిలుస్తాడు. తలవంచుకుని వెళ్లి, అంతమంది జనంలో ఒక కుర్చీ లాక్కుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ పిల్ల స్క్రూని మళ్లీ మునుపటిలాగే వదులు చేసింది. "సార్, ఇది వదులుగా ఉందా?" అని ఆయన వీపుని అడిగింది.

"ఉందండీ."

"అయితే బిగిస్తాను" అని బిగించింది.

నాకు ఒళ్లు మండింది. "లే బావా! పరువు పోతోంది!"

"ఊరుకోరా. ఇన్నాళ్లూ వాళ్లని కూర్చోబెట్టి, ఇవాళ నేను లేస్తే రేపు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

ఇంతలో పిలిచేశారు. శిక్షలో ఇంకా రెండు నిమిషాలు మిగిలే ఉన్నాయి. ఆగితే వంతు పోతుందన్నాడు జడ్జి.

"ఇటు తిరగండి సార్, మేమే అంటున్నాం కదా!" అంది కెప్టెన్.

"మీరు వెళ్లండి. నాకోసం ఆగకండి" అన్నాడు బావ.

అప్పుడు జట్టులో అందరికంటే చిన్నపిల్ల తన స్టీలు టిఫిన్ డబ్బా మూత గౌనుకి తుడిచి, ఆయనకీ గోడకీ మధ్య దూరి, మోకాళ్ల మీద కూర్చుని మూతని ఆయన కళ్లకెదురుగా ఎత్తి పట్టుకుంది. "ఇందులో చూడండి సార్. గోడవైపే ఉన్నారు కదా, రూలు తప్పలేదు."

"ఇదేంటమ్మా?" అన్నాడు జడ్జి.

"మా సార్ శిక్షలో ఉన్నారండీ" అంది కెప్టెన్ ఎంతో గౌరవంగా. ఏం రాసుకోవాలో తెలియక జడ్జి కలం మూసేశాడు.

రోబో కదిలింది. మా బావది భారీ శరీరం. మూత పట్టుకున్న ఆ చిన్నపిల్లకి రోబో కాదు కదా, హాల్లో దీపం కూడా కనిపించదు. రోబో చేతికి ఎనిమిది నెలలు తీగలు అతికించింది ఆ పిల్లే. ఇప్పుడు ఆయన ముఖాన్నే చూస్తూ కదలకుండా కూర్చుంది.

బావ కళ్లు నిండాయి.

"బంతి పడిందా సార్?" అని అడిగింది ఆ పిల్ల.

"పడిందండీ" అన్నాడు, లేవకుండానే.