అద్దరి పిల్ల పంటల పాట

నేను మిషను బడిలో మూడో తరగతి దాకానే చదివానండి. పదిమంది చదివేలా రాయడం ఇదే మొదలు. అక్షరాల్లో తప్పులుంటాయి, మాటలు వెనకా ముందూ అవుతాయి. భయపడుతూనే రాస్తున్నాను.

ఇవాళ పొద్దున పక్కింటివాళ్ళు తేగలు కుండలో పెట్టి కాల్చి తంపటి వేశారు. కాలిన కుండా, ఆకుల పొగా కలిసిన ఆ తియ్యటి వాసన గోడ దాటి వచ్చేసరికి మా అమ్మ గొంతు వినిపించినట్టయింది. ఎప్పటిలాగే మధ్యలో ఆగిపోయింది.

మాది గోదారికి అద్దరిని, అంటే అవతలి ఒడ్డున, పట్టిసీమ దగ్గర ఊరు. దాగుడుమూతలు ఆడేముందు పిల్లలందరం గుండ్రంగా నిలబడితే, ఒకళ్ళు పాట పాడుతూ మాటకొకరి మీద వేలు పెట్టేవాళ్ళు. దాన్నే పంటలు వేయడం అంటారు. ఆ పాట నాకు అమ్మే నేర్పింది, అట్లపిండి రుబ్బుతూ, పొత్రం తిరిగే చప్పుడుకి కలుపుకుంటూ.

"గుప్పు గుప్పు గుమ్మడీ,
గోదారొడ్డున కొంగా,
కొంగ కాలికి ముల్లూ..."

ఆ తరవాత ఇంకో వరస ఉంది. మా ఊళ్ళో ఆఖరి మాట ఎవరి మీద పడితే వాళ్ళు పండు, అంటే బతికిపోయినట్టు. అందరూ పండ్లయ్యాక మిగిలినవాళ్ళే దొంగ.

నా ఏడో ఏట అమ్మ పోయింది. గోదారి వరద తీశాక నాన్న నన్ను పడవెక్కించి రాజమహేంద్రవరంలో పెద్దమ్మ ఇంట్లో వదిలి వెళ్ళాడు. ఆ వీధి ఆడపిల్లలకి సీతాలు పెద్ద. ఆమె ఊ అంటేనే ఆటలోకి రానిచ్చేవారు. మొదటి సాయంత్రం నన్నే పంటలు వెయ్యమన్నారు. ఆమెని మంచి చేసుకుందామని, ఎక్కడ మొదలెడితే ఆమె దగ్గర ముగుస్తుందో చూసుకుని మరీ పాడాను.

"ఏంటే, వచ్చీ రాగానే నన్నే దొంగని చేత్తావా?" అంది సీతాలు. ఈ ఒడ్డున ఆఖరి మాట పడినవాళ్ళే దొంగట.

"దొంగ కాదు, పండు" అన్నాను.

"అద్దరి పిల్ల మనకి పండు తెచ్చిందర్రా. నీ పాట అద్దరికెళ్ళి పాడుకోవే" అంది. అందరూ నవ్వారు.

ఆ రోజు నుంచి నన్ను కలుపుకోలేదు. సాయంత్రాలు వాళ్ళ కేకలు వింటూ, పెద్దమ్మ అరుగు మీద స్తంభాలకి పంటలు వేసుకునేదాన్ని. స్తంభాలన్నీ పండ్లయ్యేవి. ప్రతిసారీ నేనే మిగిలేదాన్ని. అట్లతద్దె దగ్గర పడుతోంది, ఆ తెల్లవారుజామున వీధిలో ఆడపిల్లలందరూ ఆడతారని పెద్దమ్మ చెప్పింది. అప్పటికైనా రానిస్తారేమోనని, గోడవారన కూర్చుని వాళ్ళ పాట పట్టేశాను. ముల్లు దాకా మా పాటే, ఆ తరవాతే వేరు.

"కొంగ ఎగిరిపోయే,
కొమ్మ విరిగిపోయే, నువ్వే దొంగ."

గోరింటాకు చేతులతో, అట్టూ బెల్లమూ తిన్న నోటితో ఆ పాట తప్పు లేకుండా పాడాను. సీతాలు "ఊ" అంది. ఆ పూట నేనే దొంగనయ్యాను. దొంగనైనందుకు అంత సంతోషపడ్డ పిల్ల ఇంకెక్కడా ఉండదు.

తేగల రోజుల్లో నాన్న నన్ను ఊరు తీసుకెళ్ళాడు. పాత నేస్తాలు పంటలు వెయ్యమంటే మొదలెట్టాను. ముల్లు దాకా వచ్చాక, కొంగ ఎగిరిపోయింది, కొమ్మ విరిగింది. అమ్మ వరస రాలేదు.

"ఇదెక్కడి పాటే? అద్దరి పిల్లవైపోయావు" అన్నారు.

వాళ్ళని అడిగితే ఎవరి నోట వాళ్ళది ఒక్కో రకంగా వచ్చింది. అందులో అమ్మది ఏదో తెలియలేదు. నాన్నకి ఆ పాటే తెలియదు. నేను ఏడిస్తే, తంపటి పొగ కళ్ళల్లో పడిందనుకుని తేగ ఒలిచి పెట్టాడు.

ఇప్పుడు గోదారి మీద వంతెన పడింది, రైల్లో ఇట్టే దాటొచ్చు. దాటి ఎవరి దగ్గరికి వెళ్ళను? ఈ ఒడ్డున సీతాలూ పోయింది. మా వీధి పిల్లలు పంటలు వేసుకుంటున్నారు గానీ, అందులో గుమ్మడీ లేదు, కొంగా లేదు. నేను అరుగు మీద కూర్చుని వింటాను.

తప్పులుంటే మన్నించండి. అద్దరిని మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే, నా అక్షరాలు దిద్దకపోయినా ఫరవాలేదు, కొంగ కాలికి ముల్లు గుచ్చుకున్నాక ఏమైందో ఒక్కసారి అడగండి.