కంప్యూటర్ బదులు నా పొడి అక్షరాలు

మా లైబ్రేరియన్ గారికి పుస్తకం కన్నా కేటలాగు కార్డు కింది మూల ముఖ్యం. ఆ పుస్తకం ఏ విషయానికి చెందుతుందో తేల్చినవాళ్ళు అక్కడ తమ పొడి అక్షరాలు వెయ్యాలి. “తప్పు చేసినా పర్లేదయ్యా, ఎవరు చేశారో తెలియాలి,” అనేవారు. బెజవాడలో ఇంతటి నిజాయితీపరుడు మరొకరు లేరని నమ్మాను. ఆ లైబ్రరీలో నాది తాత్కాలిక ఉద్యోగం, దేన్నయినా నమ్మే వయసు.

డెబ్బైల చివర్లో హైదరాబాదు నుంచి కంప్యూటర్ జాబితాలు రావడం మొదలైంది. పుస్తకం పేరు చూసి విషయం కంప్యూటరే తేల్చేసేది. నేను కార్డు మూల “కంప్యూటర్” అని రాయబోయాను.

“దానికి పొడి అక్షరాలెక్కడివయ్యా? నీవి వెయ్యి,” అన్నారు. వేశాను.

పేరులో చెరకు ఉందని కంప్యూటర్ ఒక ప్రేమ నవలను వ్యవసాయంలో పడేసింది. ఉయ్యూరు రైతు ఒకాయన దాన్ని పట్టుకెళ్ళి, చదివి, లైబ్రరీ కమిటీకి ఫిర్యాదు చేశాడు. “తెగులు మందు ఊసే లేదండీ. ఆఖర్న ఆ పిల్ల కూడా చచ్చిపోయింది!”

కమిటీ ముందు లైబ్రేరియన్ గారు కార్డు తీసి నా అక్షరాలు చూపించారు. “ఎవరు చేశారో ఇక్కడే ఉందండీ.” కంప్యూటర్ మాట ఎత్తలేదు. నా ఉద్యోగం ఊడింది.

సాయంత్రం నన్ను పటమట బస్సెక్కించడానికి ఆయనే వచ్చారు.

“అది కంప్యూటర్ పనని మీకు తెలుసుగా సార్?”

“తెలుసయ్యా,” అన్నారు ఎంతో ఆప్యాయంగా. “దాన్ని పీకెయ్యలేం కదా!”