టీచరూ, ఇనబడతందా?

మా పెద్ద టీచరుగారు పోయారన్న కబురు నాకు రెండింతల స్పీడులో వచ్చింది. మాట వరసకి అనడం లేదు, నిజంగానే. స్టాఫ్ గ్రూపులో తోటి టీచరు వాయిస్ మెసేజ్ పెట్టింది. ఎవరి మెసేజ్ అయినా స్పీడు పెంచి వినడం నాకు అలవాటు. మధ్యాహ్న భోజనం దగ్గర పిల్లల వరస సరిచేస్తూ ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. "మేడమ్ గారు పొద్దున్న కాఫీ కలుపుకుంటూ వంటింట్లోనే కూలబడిపోయారంట, హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే అయిపోయిందంట" అని ఆ అమ్మాయి గొంతు కీ ఇచ్చిన బొమ్మలా కిచకిచలాడింది. వెనకాల ఏడుపు కూడా కిచకిచలాడింది. ఛీ, నాకు నవ్వొచ్చినంత పనైంది. తర్వాత మామూలు స్పీడులో పెట్టి మళ్ళీ విన్నాను. గోడ పట్టుకుని నిలబడ్డాను.

ఇది రాయడానికి కూర్చుని ఇప్పటికి నాలుగుసార్లు లేచాను. కూర్చుని రాస్తుంటే ఆవిడ వెనక నిలబడి "ఏటి టీచరూ, ఇంకా అవలేదా?" అంటున్నట్టుంది. ఆవిడ కూర్చోగా నేను పెద్దగా చూడలేదు. ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళే దారిలో మాదొక చిన్న మునిసిపల్ ప్రాథమిక పాఠశాల. ఆవిడ హెడ్‌మిస్ట్రెస్. నేను పెందుర్తి నుంచి స్కూటీ మీద వచ్చి మూడో తరగతి చెప్పేదాన్ని. ఆఫీసు గదిలో ఆవిడకో కుర్చీ ఉండేది. అందులో భోజనానికి వచ్చిన గుడ్ల ట్రేలు ఉండేవి. ఆవిడ మాత్రం వరండాలో ఈ చివర్నుంచి ఆ చివరికి హవాయి చెప్పులు టపటపలాడించుకుంటూ తిరిగేవారు. కొంగుకి ఎప్పుడూ అయిదారు పిన్నీసులుండేవి. గుండీలు ఊడిన పిల్లలు ఎదురైతే నడుస్తూనే ఒకటి తీసి పెట్టేసేవారు. నేను ఒక రిజిస్టరు పట్టుకుని ఆలస్యం చేస్తే ఒకటే మాట: "బేగి, బేగి. పిల్లలు పెరిగిపోతన్నారు."

కరోనా రోజుల్లో బడి మూసేశాక ఆ తిరుగుడు ఇంకా ఎక్కువైంది. మా పిల్లల ఇళ్ళలో ఉన్నది ఒక్క ఫోను. అదీ తండ్రి వేటకి వెళితే బోటుతోపాటు వెళ్ళిపోతుంది. వీడియో క్లాసులు పెడితే ముగ్గురొచ్చేవారు, అందులో ఇద్దరి మొహాల బదులు ఇంటి కప్పులు కనబడేవి. అందుకని ఆవిడే ఒక పద్ధతి పెట్టారు. పొద్దున్న మేము పాఠం వాయిస్ మెసేజ్ పంపాలి. సాయంత్రం ఫోను దొరికినప్పుడు పిల్లలు ఆ పాఠం చదివి వాయిస్ పంపాలి. నేను ఒక్కో మెసేజ్‌లో మొదటి నాలుగు ముక్కలు విని బొటనవేలు బొమ్మ పెట్టేదాన్ని. ఇంట్లో ఇద్దరు పిల్లలు, పొయ్యి మీద కూర, ఎంతకని వింటాం? ఆవిడ మాత్రం అన్నీ, అందరివీ, చివరిదాకా వినేవారు. ఖాళీ బడిలో వరండా మీద తిరుగుతూ.

నా తరగతిలో నూకరాజు అని ఒకడుండేవాడు. హార్బర్‌లో పనిచేసేవాళ్ళ పిల్లాడు. తండ్రి ఒడ్డున ఉన్నన్నాళ్ళూ వాడి నుంచి రోజూ మెసేజ్ వచ్చేది. మొదట "టీచరూ, ఇనబడతందా?" అని అడిగి ఆగేది ఆ గొంతు. జవాబు కోసం ఆగేది! అది ఫోన్ కాల్ కాదని, రికార్డింగని ఆ ఇంట్లో ఎవరూ చెప్పినట్టు లేదు. నాలుగైదు క్షణాలు ఏమీ ఉండదు. వెనకాల ఏదో గరగరమని చప్పుడు. ఆ తర్వాత పాఠం, నేను విన్నంతవరకూ ఒక్క తప్పు లేకుండా.

ఒకరోజు జీతం కాగితాల పనిమీద బడికి వెళ్ళాను. ఆవిడ ఫోను స్పీకర్లో పెట్టుకుని నడుస్తున్నారు. "టీచరూ, ఇనబడతందా?" అంది ఫోను. ఆవిడ ఠక్కున ఆగి, "ఇనబడతందమ్మా, సెప్పు" అన్నారు. పాఠం మొదలయ్యాక మళ్ళీ నడక.

నేను పకపకా నవ్వాను. "అది రికార్డింగండీ మేడమ్! మీరు పలికినా వినబడదు."

"నాకు తెల్దేటి? అక్కడ ఆగింది కదా. ఆగితే మనం పలకాల," అన్నారు. అనేసి నడుచుకుంటూ వెళ్ళిపోయారు. ఇంటికెళ్ళి ఇది మా ఆయనకి కూడా చెప్పి నవ్వించాను.

బడి మళ్ళీ తెరిచినప్పుడు చూడాలి మా అవస్థ. యూనిఫారాలు పిక్కల పైకి ఎక్కిపోయాయి. మాస్కుల వెనక ఎవరు ఎవరో తెలియదు. ఒకటో తరగతి మొహం చూడకుండా రెండోదానికి వచ్చిపడ్డ పిల్లలకి బెంచీ అంటే ఎక్కి దూకేదని మాత్రమే తెలుసు. ఒకడు పాఠం మధ్యలో లేచి "నెట్ అయిపోయింది టీచరూ" అని సంచి తగిలించుకుని గుమ్మం దాటేశాడు. నేను అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. ఆవిడ వచ్చి తొంగి చూసి, "ఎందుకలాగ అరుస్తన్నారు? కూకోడం మరిసిపోనారు పాపం. నడవనియ్యండి" అని తరగతినంతా బయటికి తోలేశారు. నెల్లాళ్ళు మా పిల్లలు పుస్తకాలు పట్టుకుని ఆవరణ చుట్టూ నడుస్తూనే చదివారు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూసేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది.

ఆ నడకలోనే నూకరాజు దొరికిపోయాడు. వాడి కోసం ఆవిడ మొదటి రోజు నుంచీ ఎదురుచూస్తున్నారు. "రారా, నువ్వు బాగా సదువుతావు, ముందు నడు" అన్నారు. వాడు మొదటి మాట కూడబలుక్కున్నాడు. రెండో మాట దగ్గర నిలిచిపోయాడు. ఆవిడ వాడి వెంట నడుస్తున్నవారల్లా ఆగిపోయారు.

"ఈ గొంతు కాదు," అన్నారు నాతో. "టీచరూ, ఇది ఆ గొంతు కాదు."

"నానే సెప్పినాను, అమ్మతోడు!" అని నూకరాజు బావురుమన్నాడు. మర్నాడు బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

ఇక్కడ నేను ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ గొంతు వాడిది కాదని నాకు మొదటి వారంలోనే తెలుసు. బడి మూయకముందు వాడు నా తరగతిలోనే కదా ఉన్నాడు, వాడిది బొంగురు గొంతు. మెసేజ్‌లో ఉన్నది ఒక ఆడపిల్ల. పోనీలే, ఎవరు చదివితే ఏం, హోంవర్కు వచ్చింది, లెక్కలో పడింది అనుకున్నాను. ఆ పిల్ల ఎవరు, ఇంత బాగా చదివే పిల్ల ఏ బడి పిల్ల అని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆవిడకి అప్పుడు చెప్పలేదు కూడా.

రిజిస్టరులో ఉన్న ఇంటికి వెళితే తాళం. అద్దె ఇల్లు మారిపోయారు, ఎక్కడికో పక్కవాళ్ళకి తెలియదు. ఫోను చేస్తే తండ్రి సముద్రం మీద ఉన్నాడు కాబోలు, పలకలేదు. నేనైతే అక్కడితో వదిలేసేదాన్ని. ఆవిడ ఆ పాత మెసేజ్‌లన్నీ మళ్ళీ పెట్టుకుని తిరగడం మొదలెట్టారు. పాఠం కోసం కాదు, పాఠానికి ముందు ఆ పిల్ల ఆగిన చోట వెనకాల వినబడే చప్పుడు కోసం. ఫోను నా చెవికి పెట్టి, "ఏటిది సెప్పండి" అన్నారు. నాకు తెలియలేదు. "ఐస్ ఆడిస్తన్న సప్పుడు. బోట్లకి ఎక్కించడానికి దిమ్మలు నలగ్గొడతారు. రేపు పొద్దున్న అయిదింటికి హార్బర్ గేటు కాడికి వచ్చియ్యండి."

పెందుర్తి నుంచి అయిదింటికి! తిట్టుకుంటూ వెళ్ళాను. ఆ వేళకే అక్కడ వేలం కేకలు, తట్టలు, కాళ్ళకింద నీళ్ళు. నేను చీర ఎత్తిపట్టుకుని అడుగు తీసి అడుగు వేస్తుంటే ఆవిడ హవాయి చెప్పులతో టపటపా వెళ్ళిపోయారు. ఐస్ ఫ్యాక్టరీ వెనకాల రేకుల గదుల వరస ఉంది. ఒక గది ముందు పదేళ్ళ పిల్ల, చంకలో చంటోడు, ఒంటిచేత్తో చిన్న చేపలు రకం రకం వేరు చేస్తోంది. మమ్మల్ని చూసి గుమ్మంలో ఉన్న నూకరాజు లోపలికి పారిపోయాడు. ఆ పిల్లకి పారిపోవడానికి లేదు, చంకలో చంటోడున్నాడు.

ఆవిడ ఆ పిల్లని పేరు అడగలేదు. నువ్వేనా అని అడగలేదు. దగ్గరికెళ్ళి మెల్లగా, "ఇనబడతందమ్మా, సెప్పు" అన్నారు.

ఆ పిల్ల చేతిలో చేప అలాగే ఉండిపోయింది. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం మోచేతిలో దాచుకుంది, నవ్వో ఏడుపో తెలియదు. నేను అటు తిరిగి బోట్లు చూశాను.

వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చింది. "కొట్టకండమ్మా! ఆడికి సదువు రాదని దీన్ని సెప్పమన్నాను. తప్పయిపోనాది."

"తప్పేటి? ఇంత బాగా సదివితే తప్పంటావేటి? దీన్ని బడికి తోలవేం?"

"ఇది ఊర్లో మా అమ్మ కాడుండి మూడు సదివింది. ఇక్కడికొచ్చినాక బళ్ళు మూసీసినారు. ఇంక సంటోడు పుట్టినాడు. నాను ఏలం కాడికెల్తే ఈడినెవులు సూత్తారు?"

"ఈడినీ తోలు. మా బడిలో నా కుర్చీ కాలీగా ఉన్నాది."

ఆ కుర్చీలో గుడ్లున్నాయండీ అనబోయి ఊరుకున్నాను. వాళ్ళమ్మ మాత్రం ఔననలేదు. "సూత్తాను" అంది. ఆ మాటకి అర్థం మాకు తెలుసు.

సోమవారం రాలేదు. మంగళవారం నూకరాజు ఒక్కడే వచ్చాడు. "అక్కేదిరా?" అంటే తల దించుకున్నాడు. ఆ రెండు రోజులూ ఆవిడ గేటుకీ వరండాకీ మధ్య ఎన్నిసార్లు తిరిగారో. అన్నం కూడా గేటు దగ్గరే నిలబడి తిన్నారు. బుధవారం రెండో పీరియడ్‌లో వచ్చింది దుర్గ. అదీ ఆ పిల్ల పేరు. చంకలో చంటోడు, చేతులకి ఇంకా చేప పొలుసులు. ఆవిడ గబగబా గుడ్ల ట్రేలు నా బల్ల మీదికి మార్చేసి, కుర్చీలో దుప్పటి మడతేసి చంటోణ్ణి పడుకోబెట్టారు. ఆ ఏడాదంతా మా ఆఫీసు గదిలో కుర్చీ వాడిదే. నేను విసుక్కున్న మాట నిజం. రెండు గుడ్లు పగిలాయి కూడా.

దుర్గని అయిదో తరగతిలో కూర్చోబెట్టారు. చదవమంటే నోరు విప్పదు. అన్ని మొహాల ముందు ఎప్పుడు చదివింది కనక? ఆవిడ తన ఫోను ఇచ్చి, గోడ వెనక్కి వెళ్ళి చదివి రమ్మనేవారు. అది తెచ్చి తరగతిలో వినిపించేవారు. "టీచరూ, ఇనబడతందా?" అనగానే పిల్లలంతా "ఇనబడతంది, సెప్పు!" అని అరిచేవారు. పది రోజులయ్యాక ఒకరోజు, "అయ్యో, ఫోనులో చార్జింగ్ లేదే! ఇక్కడే సదివీ" అన్నారు. అబద్ధం. నేను చూశాను, చార్జింగ్ నిండుగా ఉంది. దుర్గ లేచి నిలబడి, మామూలుగానే ముందా మాట అడిగి, చదివింది.

రెండేళ్ళ కిందట ఆవిడ రిటైరయ్యారు. ఆఖరి రోజు సామాను సర్దుతుంటే నాలో ఉన్నది కక్కేశాను. "మేడమ్, అది నూకరాజు గొంతు కాదని నాకు మొదట్లోనే తెలుసండీ. చెప్పలేదు." ఏదో అంటారు, పోనీలెండి అంటారు అనుకున్నాను. ఆవిడ నావైపు చూసి, "అయితే సాన్నాళ్ళు పోనాయి కదా టీచరూ, ఆ పిల్లకి" అన్నారు. అంతే. తిట్టలేదు, ఓదార్చనూ లేదు. ఆ పెట్టె ఇటు పట్టుకోండి అని పని చెప్పారు. ఆ మాట అప్పట్నుంచీ నన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

మొన్న ఆదివారం కంచరపాలెంలో, రైలు పట్టాల పక్కన ఆవిడ వెళ్ళే చర్చిలో ఆవిడ జ్ఞాపకార్థం ఆదరణ కూడిక పెట్టారు. పెద్దవాళ్ళు మాట్లాడారు. పాటలు పాడారు. చివర్లో శిష్యుల తరఫున ఒకరు అని పిలిస్తే దుర్గ లేచింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. నాకంటే పొడుగైంది. మడత పెట్టిన కాగితం పట్టుకుని మైకు ముందు నిలబడింది.

"టీచరూ, ఇనబడతందా?" అంది.

అలవాటుగానే వచ్చేసినట్టుంది. అనేసి ఆగింది. మైకు సరిగ్గా ఉందా అని అడుగుతోందనుకుని, వెనకాల మైకతను బొటనవేలు ఎత్తి చూపించాడు. దుర్గ అటు చూడలేదు. బల్లమీద పూల మధ్య ఉన్న ఫోటో వైపు చూస్తోంది. కాగితం విప్పడం లేదు. పక్కనుంచి రైలు పోయింది. ఎవరో దగ్గారు. పిల్ల ఏడుస్తోంది, దింపేయండి అని ఒకావిడ గుసగుసలాడింది.

నేను లేచాను. అయిదో వరసలోంచి, అందరూ వెనక్కి తిరిగి చూస్తుండగా, "ఇనబడతందమ్మా, సెప్పు" అన్నాను.

దుర్గ కళ్ళు తుడుచుకుని కాగితం విప్పింది. పక్కావిడ నా చీర పట్టుకుని లాగింది, కూర్చోమని. ఆ పిల్ల చదివినంతసేపూ నేను కూర్చోలేదు.