ఖాళీ డబ్బా పంపని వాళ్ళం

మా వాళ్ళ చేత ఏదైనా అమ్మించవచ్చు గానీ, సొంత చేత్తో వండింది మాత్రం అమ్మించలేం. ఈ సంగతి నాకు గల్ఫ్‌లో ఉన్న మెసైమీర్‌లో ఒక శుక్రవారం పొద్దున తెలిసింది.

నేను గ్యాస్ ప్లాంట్లుండే రాస్ లఫాన్‌కు షిఫ్టు బస్సు నడుపుతాను. ఏడో తరగతిలో బడి నన్ను వదిలేసింది; నేను దాన్ని అంతకు ముందే వదిలేశాను. మా జగిత్యాల వైపు తమ్ముడొకడు భార్యతో మెసైమీర్‌లో ఉంటాడు. పెళ్ళయిన పన్నెండేళ్ళకు, దత్తత వరుసలో వాళ్ళ వంతు వచ్చింది. రెండేళ్ళ పాప. గడువులోగా మన దేశం వెళ్ళి తెచ్చుకోకపోతే ఆ పాప ఇంకొకరి ఇంటికి పోతుంది. అతను కొత్త కంపెనీలో చేరి నెల కాలేదు. సెలవైతే ఇస్తారట, జీతం ఇవ్వరట. టికెట్లకు కూడా చేతిలో లేదు. మేమంతా తలా కొంత వేస్తామంటే ఒప్పుకోడు.

“బిడ్డను చందాలతోని తెచ్చుకున్నవని రేపు ఎవడన్న అంటే, దానికేం చెప్పాలె అన్నా?”

“అయితే కేకులు చేసి అమ్ముదాం” అంది అతని భార్య, నేను చెల్లె అని పిలిచే ఆమె. పై అంతస్తులో ఉండే హైదరాబాద్ ఆపా ఉస్మానియా బిస్కెట్లు చేస్తానంది. నాకు వంట రాదు, నోరుంది కాబట్టి అమ్మే పని నాకు అప్పగించారు.

శుక్రవారం వాళ్ళింటి హాలు నిండా సంగతి తెలిసి వచ్చిన మన జనమే. క్యాంప్ నుంచి వచ్చిన మేస్త్రి ఒకతను బిస్కెట్లు తీసుకుని జేబులో చెయ్యి పెట్టాడో లేదో, ఆపా ఆ చెయ్యి పట్టేసుకుంది.

“తౌబా! ఇంటికొచ్చినోని దగ్గర పైసలు తీసుకుంటమా? తిను బేటా!”

చెల్లె ఇంకా నయం. కేకు కోసి పెట్టి, పైగా చాయ్ పోసింది. “డ్యూటీ నుంచి సక్కగ వచ్చినట్టున్నరు, తినుండ్రి.”

గంటలో సగం సరుకు ఖాళీ. ఫులూస్ మాఫీ, ఒక్క పైసా రాలేదు. తమ్ముడు గోడకు ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు.

“యల్లా, దుకాణం బంద్!” అని అరిచాను. “చెల్లె, ఇంట్ల మూతలున్న డబ్బాలన్నీ తే.”

“ఎందుకన్నా?”

“తే గని. బడికి పోనోని తెలివి చూద్దువు.”

స్టీలువి, ప్లాస్టిక్‌వి, ఐస్‌క్రీమ్ డబ్బాలు కూడా వచ్చాయి. మిగిలిందంతా వాటిలో సర్ది తలా ఒకటి చేతిలో పెట్టాను.

“పైసలొద్దు. డబ్బా మాత్రం వచ్చే శుక్రవారం తెచ్చియ్యాలె. చెల్లె లెక్కపెట్టుకున్నది, చూస్కోండ్రి!”

నవ్వుకుంటూ పట్టుకుపోయారు. ఇంకొక ఇంటి నుంచి వచ్చిన గిన్నెను మన వాళ్ళు ఉత్తగా తిప్పి పంపరు. ఏమీ లేకపోతే పిడికెడు చక్కెరైనా వేస్తారు. నా ధైర్యమంతా అదే.

మరుసటి శుక్రవారం డబ్బాలన్నీ తిరిగొచ్చాయి. ప్రతి మూత కిందా నోట్లే. ఒకదాంట్లో టమాట తొక్కు, దాని పక్కన కవర్లో చుట్టిన నోట్లు. మేస్త్రి డబ్బాలో వాటితో పాటు రెండు చిన్న సాక్సులు. తమ్ముడి మొహం ముడుచుకుంది.

“ఇది చందానే గదన్నా?”

“చందా ఇచ్చినోడు పేరు రాయించుకుంటడు. వీళ్ళు డబ్బాలు వాపసిచ్చిండ్రు. నువ్వెప్పుడన్న ఎవరి డబ్బానన్న ఖాళీగ పంపినవా?”

“లే.”

“మరి నోర్మూసుకొని టికెట్లు తియ్యి.”

వాళ్ళు తిరిగొచ్చిన రోజు ఎయిర్‌పోర్టుకు నేనే వెళ్ళాను. తల్లి చంకలో నుంచి పాప నన్ను చెక్‌పోస్టు పోలీసులా పైకీ కిందికీ చూసింది. ఆపా పంపిన బిస్కెట్ల స్టీలు డబ్బా నేను తెరిచి చూపిస్తే, ఒకటి తీసుకోకుండా డబ్బానే లాక్కుంది. మెసైమీర్ దాకా వెనక సీట్లో కరకరమంటూనే ఉంది. కారు దిగాక డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.

లోపల సగం కొరికిన బిస్కెట్ ఒకటి ఉంది.

“చూసినవా తమ్మీ, ఖాళీగ ఇయ్యలే” అన్నాను. “ఆ దత్తత కాయితాలు లోపల పెట్టుకో. ఇది మన పిల్లనే.”