ప్రశ్నపత్రాల గదికి రెండు తాళాలు

మా మావగారి ప్రింటింగ్ ప్రెస్సు ఆమదాలవలసలో, మేముండే ఇంటికి ముందు భాగంలోనే ఉంది. పెళ్ళికార్డులు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు మామూలు పని. పరీక్షల కాలం వస్తే మాత్రం చుట్టుపక్కల ప్రైవేటు బడులు కొన్ని కలిసి ప్రశ్నపత్రాలు మా దగ్గరే వేయించుకుంటాయి. ఆ రోజు ప్రింటరు గదికి బయటినుంచి తాళం పడుతుంది. లోపల ఇద్దరు కోడళ్ళం. నేను కంప్యూటరు ముందు, మా తోడికోడలు కాగితాలు కవర్లలో పెట్టి లక్కతో సీలు వేసే బల్ల దగ్గర. ఆవిడ నాకన్నా పెద్దది, మా వైపు అక్కని పిలిచినట్టే అప్పా అని పిలుస్తాను. ఆఖరి కవరుకి సీలు పడేదాకా తలుపు తీయరు. తాళంచెవి బడుల తరఫున వచ్చే మేష్టారి జేబులో ఉంటుంది.

మొదట్లో ఇలా లేదు. ఒకసారి లెక్కల పేపరు పరీక్షకి ముందే పిల్లల ఫోన్లలోకి వచ్చేసింది. ఎవరి చేతిమీదుగా పోయిందో ఇప్పటికీ తెలీదు. ప్రెస్సులో ఏళ్ళ తరబడి పనిచేస్తున్నవాళ్ళని అనుమానించడం మావగారికి ఇష్టం లేకపోయింది. "నా కోడళ్ళని కూసోబెడతాను. ఆళ్ళ మీద కూడా నమ్మకం నేకపోతే తాళమేసుకోండి" అన్నారట పౌరుషంగా. మేష్టారు నిజంగానే తాళం కొనుక్కొచ్చారు.

రెండో తాళం కంప్యూటరుకి. ప్రింటుకిచ్చిన ఫైలు దారిలో ఎక్కడో ఒకచోట నకలు వదిలిపెడుతుందని మేష్టారికి ఎవరో చెప్పారు. అది నిజమే. అందుకని ప్రింటు చేసే ప్రోగ్రాము ఒక్క ఫోల్డరు తప్ప ఇంకేదీ చదవకూడదనీ, ఇంకెక్కడా రాయకూడదనీ, నెట్టులోకి అసలే పోకూడదనీ షరతు పెట్టారు. అలా కట్టడి చేసే పని నామీద పడింది.

నేను బడికి పోయినదాన్ని కాదు. చిన్నప్పుడు ఆయాసం ఉండేదని మా నాన్న ఇంట్లోనే చదువు చెప్పాడు. పొద్దున్న పొలానికి పోయి, వచ్చి కాళ్ళు కడుక్కుని నా పక్కన కూర్చునేవాడు. ఆయనకి తెలియనిది ఇద్దరం కలిసి పుస్తకంలో వెతుక్కునేవాళ్ళం. పెళ్ళయ్యాక ప్రెస్సులో లినక్సు కంప్యూటరుని కూడా అలాగే పట్టుకున్నాను. ఎక్కడెక్కడివాళ్ళో తమకొచ్చిన చిక్కునీ, విప్పుకున్న తీరునీ ఓపిగ్గా నెట్టులో రాసిపెడతారు. వాళ్ళ ముఖాలు నాకు తెలియవు. పొద్దున్న దీపం పెట్టినప్పుడు వాళ్ళని కూడా తలుచుకుంటాను.

ఈ కట్టడి గురించి రెండు మాటలు చెప్పాలి. మామూలుగా కంప్యూటరులో ఫైలు ఎవరిదో వాళ్ళు చెప్పిందే చెల్లుతుంది. చదవమంటే చదవొచ్చు, వద్దంటే లేదు. ఈ కట్టడిలో అలా కుదరదు. ప్రతి ప్రోగ్రాముకీ ఒక లేబులుంటుంది, ప్రతి ఫైలుకీ ఒకటుంటుంది. ఏ లేబులు ఏ లేబులుని ముట్టుకోవచ్చో నియమాల్లో ముందే రాసి ఉండాలి. లేకపోతే యజమాని దగ్గరుండి చెప్పినా కంప్యూటరు వినదు. గుడి కట్టించినవాడైనా గర్భగుడి గడప ఇవతలే నిలబడతాడు కదా, అలాగ. కట్టడి మొత్తాన్ని ఒక్క కమాండుతో ఆపెయ్యొచ్చు గానీ, ఎప్పుడు ఆపామో, ఎంతసేపు ఆపామో కంప్యూటరు తనంతట తాను రాసుకునే చిట్టాలో, అంటే లాగ్‌లో పడుతుంది. పని పూర్తయ్యాక ఆ లాగ్ మేష్టారికి చూపించాలి. మధ్యలో ఆపినట్టు కనిపిస్తే ఆ పేపర్లు చెల్లవు, ఇక ముందు పని కూడా రాదు. ఇది ఒప్పందం.

అర్ధసంవత్సర పరీక్షలప్పుడు అప్పకి చంటిబిడ్డ. నెలల పిల్లాడు, సీసా ముట్టడు. వాడికి పాలిచ్చి, మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానని అత్త చేతిలో పెట్టి, అప్ప నాతోపాటు గదిలోకి వచ్చింది. బయట తాళం పడింది.

ముందురోజే కరపత్రం ఒకటి వేసి చూసుకున్నాను, బాగానే వచ్చింది. మేష్టారు పెన్‌డ్రైవులో తెచ్చిన పేపర్లని తాళం పడకముందే నా సొంత ఫోల్డరులోకి తీసుకున్నాను. ఆయన పెన్‌డ్రైవు తీసేసుకున్నారు. తరవాత వాటిని అక్కణ్ణుంచి ప్రింటు ఫోల్డరులోకి జరిపి, ప్రింటు కొట్టాను. ప్రింటరు కదల్లేదు. మళ్ళీ కొట్టాను. లాగ్ తెరిస్తే వరసగా ఒకటే మాట, అనుమతి లేదు. ఫైళ్ళు నావి, కంప్యూటరు మీద సర్వాధికారం నాది, కట్టడి రాసింది కూడా నేనే. అయినా అనుమతి లేదు.

మావగారు కిటికీ దగ్గరికొచ్చారు.

"ఏటమ్మా, మిషను సప్పుడు ఇనబడదు?"

"పేపరు తీసుకోవటం నేదు మావయ్యా."

"కరెంటున్నాదా?"

"ఉన్నాది. ఇంకూ ఉన్నాది. నానేసిన కట్టడే ఆపేస్తన్నాది."

"నువ్వేసిందే గదా. తీసెయ్యి."

వెనకనుంచి మేష్టారు, "తీస్తే లాగులో పడుతుందండి, చూస్కోండి మరి" అన్నారు.

"మీరు కూసోండి మేష్టారూ! మీదో తాళం, దానిదో తాళం, మజ్జిన నా ప్రెస్సు మూతబడేలాగున్నాది."

ప్రింటు ప్రోగ్రాము నియమాలన్నీ ఒక్కొక్కటే తీసి చూశాను. ఎక్కడో అక్షరం తప్పు రాశాననుకున్నాను. ఏ తప్పూ కనపడలేదు. గదికి ఒకటే కిటికీ, దానికి కమ్మీలు. గోడకి పైన చిన్న వెంటిలేటరు, అవతల మా ఇల్లు. మధ్యాహ్నం దాటాక ఆ వెంటిలేటరులోంచి పిల్లాడి ఏడుపు మొదలైంది. మొదట ఆగి ఆగి, తరవాత ఊపిరి తిరగనట్టు. అప్ప లేచి గోడ దగ్గర నిలబడి, "ఓరి నాన్నా, ఓరి బంగారూ, వస్తన్నానురా" అని అరిచింది. ఆ గొంతు విని వాడు ఇంకా ఎక్కువ చేశాడు. అప్ప జాకెట్టు తడిసిపోయింది. కొంగు అడ్డం పెట్టుకుని నా కుర్చీ వెనక్కి వచ్చింది.

"ఒసే, తలుపు మన సేతిలో నేదు. ఆ మిషను తాళమన్నా నీ సేతిలో ఉన్నాది గదే."

"తీస్తే పేపర్లు సెల్లవప్పా."

"పేపర్లు సెల్లకపోతే మళ్ళీ ఏసుకుంటారు. నా గుంటడు డొక్కెండి ఏడుస్తన్నాడు."

ఆ కమాండు నాలుగు అక్షరాలు కొట్టినంత పని. ఆపితే బిడ్డకి పాలు అందుతాయి, మావగారి మాట పోతుంది. ఆపకపోతే మాట నిలుస్తుంది, వాడు ఏడుస్తూనే ఉంటాడు. ముఖలింగేశ్వరుణ్ణి తలుచుకున్నాను గానీ ఏం కోరుకోవాలో తెలీలేదు. ఊరికే స్వామీ, స్వామీ అనుకున్నాను. నేను ఆపకుండా కూర్చున్నది నిష్ఠతో అని చెప్పుకుంటే అబద్ధం. భయంతో కూర్చున్నాను.

ఇంతలో అత్త గొంతు వినబడింది. పిల్లాణ్ణి చంకనేసుకుని ప్రెస్సులోకే వచ్చేసింది.

"ఏటి బాబూ ఇది? పసిగుంటడికి పాలు నేకుండా సేసే పరీచ్చలా మీయి?"

"నాకూ బాధగానే ఉందమ్మా. పని అయ్యేదాకా ఎవరినీ బయటికి పంపకూడదు. అది రూలు."

"బయటికి పంపమన్నానా? ఈడ్నే లోపలెయ్యండి. లోపలికి ఎల్లకూడదని రూలున్నాదేటి?"

మేష్టారు ఆలోచనలో పడ్డారు. "లోపలికి వెళ్తే మళ్ళీ పని అయ్యేదాకా రాకూడదు మరి."

"రావద్దు. ఈడికి బయటేటి పని? ఆపీసున్నాదా? మీ పేపరు ఈడి సేతికిస్తే నమిలేస్తాడు గానీ ఎవుడికీ సెప్పడు."

మావగారు పకపకా నవ్వారు. తాళం తిరిగింది. తలుపు మూరెడు తెరుచుకుంది. అయినా మేష్టారు మేష్టారే. పిల్లాడికి చుట్టిన బొంతలో ఫోను గానీ పెన్‌డ్రైవు గానీ ఉందేమోనని మడతలు విప్పి చూడబోయారు.

"సూడండి బాబూ, బాగా సూడండి. ఇప్పుడే తడిపేడు" అంది అత్త.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, బొంతని వేలి చివర్లతో పట్టుకుని బయట పడేశారు. బొంత లేకుండా పిల్లాణ్ణి లోపలికి ఇచ్చారు. మళ్ళీ తాళం పడింది. ఇప్పుడు లోపల ముగ్గురం.

అప్ప మూలకి తిరిగి కూర్చుంది. ఏడుపు టక్కున ఆగింది. గుటకలు వినబడుతున్నాయి. ఆ నిశ్శబ్దంలో నా బుర్ర మళ్ళీ పనిచేయడం మొదలుపెట్టింది. మేష్టారు పిల్లాణ్ణి అనుమానించలేదు, వాడు చుట్టుకొచ్చిన బొంతని అనుమానించారు. నేను పొద్దుటినుంచీ ప్రింటు ప్రోగ్రాముని తప్ప ఇంకేదీ చూడలేదు. ఆ ప్రోగ్రాము చదవాల్సిన ఫైళ్ళు ఏ లేబులుతో వచ్చాయో చూడనేలేదు.

చూశాను. అవి ఇంకా నా సొంత ఫోల్డరు లేబులుతోనే ఉన్నాయి. ఫైలుని నకలు తీసి కొత్త ఫోల్డరులో పెడితే అక్కడి లేబులు వస్తుంది. జరిపితే మాత్రం పాత లేబులు దానితోనే వచ్చేస్తుంది. ముందురోజు కరపత్రం నకలు తీశాను, కాబట్టి ప్రింటయ్యింది. ఈ రోజు పేపర్లు కదా, రెండో నకలు ఎక్కడా మిగలకూడదని ఎక్కువ జాగ్రత్తపడి జరిపాను. ఆ జాగ్రత్తే కొంప ముంచింది.

ఫోల్డరుకి తగ్గ లేబులు ఫైళ్ళకి పెట్టమని కమాండిచ్చాను. కట్టడిని ముట్టుకోలేదు. ప్రింటరు ఒక్కసారి గురగురమని లేచింది. పిల్లాడు ఉలిక్కిపడి పాలు వదిలేసి, నోరు తెరిచి దానివైపు చూసి, మళ్ళీ తాగడంలో పడ్డాడు. నేను కంప్యూటరు బల్లకి తల ఆనించి దణ్ణం పెట్టుకున్నాను.

ఆఖరి కవరుకి సీలు పడేసరికి కిటికీలో వెలుగు పల్చబడింది. అంతసేపూ పిల్లాడు నా ఒళ్ళో, లేకపోతే నేలమీద మడిచి వేసిన అప్ప తువ్వాలు మీద. లాగ్ చూసి మేష్టారు కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"ఇన్నిసార్లు ఆపిందా?"

"ఆపిందండి."

"మిమ్మల్నేనా?"

"నన్నే."

ఆయనకి ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇంత గట్టి ఏర్పాటు ఎక్కడా లేదనీ, ఇకమీదట అన్ని తరగతుల పేపర్లూ, అన్ని పరీక్షలకీ ఇక్కడే వేయిద్దామని మిగతా బడులకి చెప్తాననీ మావగారితో అన్నారు. ఒక్కటే, లోపల ఈ ఇద్దరే ఉండాలి. మావగారి ముఖం వెలిగిపోయింది. అప్పా నేనూ గడపలో నిలబడి విన్నాం.

నాకు నోరు పెగలదు సాధారణంగా. ఆ రోజు పెగిలింది. "పిల్లాడు కూడా మొదట్నించీ లోపలే ఉండాలి మావయ్యా. అలాగైతేనే" అన్నాను.

"ఓస్, అంతేనా" అన్నారు మావగారు.

మర్నాడే మేస్త్రీని పిలిపించి ప్రింటరుకి ఎదురుగా పైకప్పుకి ఉయ్యాల కొక్కెం దిగ్గొట్టించారు. అడిగిన వెంటనే చేశారని మనసులో ఆయనకి నమస్కారం చేసుకున్నాను. అప్ప తలెత్తి ఆ కొక్కేన్ని చాలాసేపు చూసింది.

"గట్టిగానే దిగ్గొట్టేరు. ఈడి తరవాత నీ పిల్లలకి కూడా పనికొస్తాది" అంది.