సింహాద్రి నోరు, నాగబాబు వంతు

ఫిషింగ్ హార్బర్ ఐసు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా దిమ్మలు లాగి లాగి సింహాద్రి చేతులు మొద్దుబారిపోయాయి. నోరు మాత్రం ఏ మాత్రం మొద్దుబారలేదు. జాలారిపేట ఫుట్‌బాల్ జట్టు ఆడిన ఏ ఆటా అతను వదల్లేదు. గ్రౌండు గట్టు మీద, గోలుపోస్టుకి దగ్గరగా అతని చోటు అతనికి ఉండేది. మనవాడెవడైనా బంతి పోగొట్టుకున్నాడో, "కాళ్లకి ఐసు కట్టుకున్నావేట్రా!" అని అరిచేవాడు. గట్టంతా గొల్లుమనేది. తొంభై ఎనిమిది నాటికి పేటలో పిల్లలు గోళీలాడుకుంటూ కూడా అదే కేక వేసుకునేవారు. ఇంతా చేసి సింహాద్రి జన్మలో బంతి తన్నిన పాపాన పోలేదు. గట్టు మీద కూర్చుని ఈత నేర్పే రకం.

ఆ ఏడు జట్టు పరిస్థితి ఏమీ బాగాలేదు. పది జట్ల లీగులో కింద నుంచి రెండో చోటు. ఇంకొక్క ఆటే ఉందనగా బ్యాంకు ఉద్యోగుల జట్టుతో ఒకటి ఒకటి సమానంగా ముగించి వచ్చారు. గెలవాల్సిన ఆట అది. జట్టులో అందరికన్నా బాగా ఆడే కన్నబాబు మొదట్లోనే గోలు కొట్టాడు. గంట ఆట గడిచాక కోచ్ సూరన్న అతన్ని గట్టు పైకి పిలిచి, వేరే కుర్రాణ్ణి దింపాడు. అక్కడి నుంచి బంతి అవతలి సగంలోకి పోతే ఒట్టు. చివరికి వాళ్లు గోలు వేసేశారు. ఇక ఆఖరి ఆట గెలిస్తేనే పై డివిజన్‌లో ఉంటారు. లేకపోతే కిందకే.

సూరన్న అరవై ఏళ్ల మనిషి. ఒడ్డు నుంచి లాగే పెద్దవలల కాలంలో పుట్టి పెరిగాడు. ఆ వలలకి ఒక కట్టుబాటు ఉంది. ఒడ్డున ఎవరి వంతు వస్తే వాళ్లే వల వెయ్యాలి. కళ్ల ముందు చేపల గుంపు మెరిసిపోతున్నా, వంతు లేనివాడు పడవ తాడు ముట్టుకోడు. వంతున్నవాడు తన నోటితో తాను వదులుకుంటే తప్ప, అది ఇంకొకడికి పోదు. సూరన్న దాన్ని అలాగే తెచ్చి ఫుట్‌బాల్లో పెట్టాడు. మూడు నెలలు తప్పకుండా పొద్దున్నే ఇసకలో పరుగెత్తడానికి వచ్చిన ప్రతివాడికీ ఒక ఆటలో అరగంట వంతు. మొలతాడులా నడుముకి ఒక నైలాను తాడు చుట్టుకునేవాడు. దానికి వంతుల వరసలో కుర్రాడికొక ముడి. ఆ వంతు ఎప్పుడూ ముందు వరసలోనే ఇచ్చేవాడు. అక్కడ ఎవడు తప్పు చేసినా మనకి గోలు పడదు కదా అని అతని లెక్క. అందుకే వంతువాడు దిగినప్పుడల్లా కన్నబాబు పైకి రావాల్సి వచ్చేది.

ఆ సాయంత్రం కాంతం టీ బడ్డీ దగ్గర పేట సగం పోగయింది. సూరన్న కూడా అక్కడే బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. మనిషి ఎదురుగా ఉన్నాడు కదా అని ఎవరూ గొంతు తగ్గించలేదు.

"ఒకటి కొట్టినాక ఎనక్కెల్లి గోలు కాసుకోవాలి గానీ, అందరూ ముందుకే పరుగెత్తితే ఎలాగ?" అన్నాడు పడవ ఇంజన్లు బాగుచేసే ఎల్లారావు.

"ఎనక్కెల్లడం కాదు బావా, కన్నబాబుని తియ్యడం తప్పు," అన్నాడు సింహాద్రి. "మావా, నాను మొకం మీదే అడుగుతన్నాను. అది గ్రౌండా, ఒడ్డా? వంతేటి, వంతు! ఆటొచ్చినోడు ఆడాలి, రానోడు బయట కూకోవాలి. ఆ కన్నబాబు కాలుకి ఈ కుర్ర గుంటలు సరిపోతారేటి? నీకు సేతకాపోతే ఒగ్గీ మావా, ఇంకొకల్ని ఎడతాం."

సూరన్న గ్లాసు కింద పెట్టాడు. కోపం తెచ్చుకోలేదు. చొక్కా ఎత్తి నడుము తాడు చేత్తో తడుముకున్నాడు.

"ఓడితే నానే ఒగ్గేత్తాను, నువ్వు సెప్పక్కర్నేదు," అన్నాడు. "కానీ వొచ్చే ఆదోరం వంతు ఎవుడిదో తెలుసేటి నీకు?"

"ఎవుడిదైతే ఏటి?"

"మీ నాగబాబుది."

కొడుకు పొద్దున్నే గ్రౌండుకి పోతున్నాడని సింహాద్రికి తెలుసు గానీ, బంతులు అందించడానికేమో అనుకున్నాడు. తను తెల్లవారుజామున నాలుగింటికే డ్యూటీకి పోయేవాడు, వాడేం చేస్తున్నాడో ఎప్పుడూ అడగలేదు.

"వంతు ఆడిది. ఆడు ఒగ్గేత్తానంటే కన్నబాబు ఆట పూర్తిగా ఆడతాడు," అన్నాడు సూరన్న. "నానైతే అడగను. నువ్వడగాలంటే అడుగు."

ఎల్లారావు వెంటనే సింహాద్రి భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంకేటి బావా, పని అయిపోయినట్టే. నీ మాటే కదా, ఆటొచ్చినోడే ఆడాలని. ఇంటికెల్లి గుంటడికి సెప్పీ." మిగిలిన వాళ్లూ అదే అన్నారు. ఇంతసేపూ సింహాద్రి అన్న మాటలే అవి. సరే అని తల ఊపి లేచాడు.

ఇంటికి వెళ్లేసరికి భార్య గురువమ్మ పూర్ణా మార్కెట్‌లో చేపలమ్మి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. పంతొమ్మిదేళ్ల నాగబాబు గుమ్మంలో కూర్చుని ఎవరి దగ్గరో తెచ్చుకున్న బూట్లకి ముందు భాగంలో గుడ్డ కూరుతున్నాడు. వాడి కాలికి ఒక సైజు పెద్దవి. తండ్రిని చూడగానే వాటిని వెనక్కి జరిపాడు.

"ఆదోరం నీ వంతంట కదా. నాకెందుకు సెప్పనేదురా?" అన్నాడు సింహాద్రి.

వాడు నేల చూపులు చూశాడు. గురువమ్మే అందుకుంది. "ఎలా సెప్తాడు? మూడు నెల్లబట్టి బయపడతన్నాడు. అందరి ముందు నువ్వు ఆణ్ణేటంతావో అని. ఆట గురించి కాదు ఆడి బయం, నీ నోరు గురించి."

ఊళ్లో అందరి పిల్లల మీదా వేసిన కేకలు తన కొడుకు ఇంట్లో కూర్చుని లెక్కపెట్టుకుంటున్నాడని సింహాద్రికి ఎన్నడూ తోచలేదు. సిగ్గేసింది. వదులుకోమని చెప్పడానికి వచ్చినవాడు ఆ మాట మింగేసి, "గుడ్డ ఉండలాగ కూరితే కాలి ఏళ్లు నొప్పెడతాయి. మడతెట్టి కూరు," అన్నాడు.

మర్నాడు ఎల్లారావు అడిగితే, "అడగనేదు, అడగను," అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. దాంతో రెండు రోజులు ఎల్లారావు అతనితో మాట్లాడలేదు.

ఆదివారం ఉక్కునగరం జట్టుతో ఆట. ఎండ మాడ్చేస్తోంది. గంట అయినా ఎవరికీ గోలు లేదు. సూరన్న చెయ్యి ఎత్తాడు. కన్నబాబు పైకి వస్తూ నాగబాబు వీపు తట్టాడు. పెద్ద బూట్లతో నాగబాబు లోపలికి పరుగెత్తాడు. గట్టు మీద సణుగుడు మొదలైంది. సింహాద్రి తన చోట్లోనే కూర్చుని కొడుకు బూట్ల వైపే చూశాడు.

వాడు బాగానే పరుగెత్తాడు. రెండు సార్లు బంతి లాక్కున్నాడు, ఒకసారి పోగొట్టుకున్నాడు. ఆఖరి నిమిషాల్లో ఎడమ వైపు నుంచి వచ్చిన బంతి సరిగ్గా వాడి కాళ్ల ముందు పడింది. ఎదురుగా గోలీ ఒక్కడే. నాగబాబు తన్నాడు. బంతి పోస్టు పైనుంచి పోయి గోడ అవతల రోడ్డు మీద పడింది.

"కాళ్లకి ఐసు కట్టుకున్నావేట్రా!"

ఎవరో ముందు అన్నారు. తర్వాత గట్టంతా అందుకుంది. పిల్లలు, పెద్దలు, పల్లీలు అమ్మేవాడు కూడా. నాగబాబు ఒక్కసారి గట్టు వైపు, తండ్రి కూర్చునే చోటు వైపు చూశాడు. అరిచింది తను కాదని చెప్పుకోవడానికి సింహాద్రి లేచి నిలబడ్డాడు. చెప్పుకోవడానికి ఏం మిగిలింది కనక? ఆ మాట తనదే. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, "పరుగెత్తు నాగబాబూ! ఆట అవ్వనేదు! పరుగెత్తు!" అని అరిచాడు. ఇన్నేళ్లలో ఆ గట్టు మీద నుంచి అతను అరిచిన మొదటి మంచి మాట అదే. నాగబాబు మళ్లీ పరుగెత్తాడు. గోలు మాత్రం పడలేదు. సున్నా సున్నాతో జట్టు కింద డివిజన్‌కి పోయింది.

సాయంత్రం కాంతం బడ్డీ దగ్గర మళ్లీ అందరూ చేరారు. ఎల్లారావు కోపంతో ఊగిపోతున్నాడు. "అయిపోనాది కదా! సూరన్న మావ ఒగ్గేత్తానన్నాడు, ఒగ్గెయ్యాల. బావా సింహాద్రీ, మొన్న నువ్వన్న మాటే కదా, ఇప్పుడు సెప్పు!"

అందరూ సింహాద్రి వైపు చూశారు. సూరన్న అప్పటికే నడుము తాడు విప్పి బల్ల మీద పెట్టి ఉన్నాడు. ఎవరికైనా ఇచ్చేసి పోదామని.

సింహాద్రి ఆ తాడు తీసి సూరన్న ఒళ్లోనే పెట్టాడు.

"మావా," అన్నాడు మెల్లగా, "మావోడి వంతు మల్లీ ఎప్పుడొత్తాది?"

సూరన్న ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, కళ్లు చికిలించుకుని తాడు ముడులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.